టెస్ట్ బటన్‌కు వెలిగే ఫ్లాష్ షట్టర్ నొక్కితే ఎందుకు వెలగడం లేదు? రేడియో ట్రిగ్గర్ అమరికపై ప్రశ్న

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. ఫ్లాష్‌ను కెమెరా మీద కాకుండా పక్కన స్టాండు మీద పెట్టి, రేడియో ట్రిగ్గర్‌తో (తీగ లేకుండా సంకేతం పంపి ఫ్లాష్‌ను వెలిగించే సాధనం) వెలిగించి పోర్ట్రెయిట్లు తీయడం నేర్చుకుంటున్నాను. వచ్చే నెలలో మా అక్క కూతురి ఓణీల వేడుక ఒక ఫంక్షన్ హాలులో జరగబోతోంది. వేదిక మీది ఫోటోలకు స్టూడియో వారిని మాట్లాడారు కాబట్టి వారి పనికి నేను అడ్డు వెళ్లను. పక్కనున్న గదిలో చిన్న ఏర్పాటు చేసుకుని, ఇంట్లోని పెద్దవాళ్లను, పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, పదికాలాల పాటు గోడ మీద ఉంచుకోదగిన ఫోటోలు తీయాలన్నది నా కోరిక.

నా దగ్గరున్న కెమెరా కానన్ ఈఓఎస్ 200డి మార్క్ 2. ఫ్లాష్‌లు రెండున్నాయి. ఒకటి ఈమధ్య కొన్న మాన్యువల్ ఫ్లాష్ (శక్తిని మనమే అమర్చుకోవలసిన రకం), రెండోది మా నాన్నగారు పెళ్లిళ్లకు వెళ్లే రోజుల్లో వాడిన వివిటార్ 283. వీటికోసం తక్కువ ధరలో దొరికే 2.4 గిగాహెర్ట్జ్ ట్రిగ్గర్ సెట్టు ఒకటి తీసుకున్నాను. అందులో కెమెరా మీద పెట్టే ట్రాన్స్‌మిటర్ ఒకటి, ఫ్లాష్‌ల కింద తగిలించే రిసీవర్లు రెండు ఉన్నాయి. ప్రస్తుతానికి కొత్త ఫ్లాష్‌తోనే ప్రయత్నిస్తున్నాను.

సమస్య ఏమిటంటే, ట్రాన్స్‌మిటర్ మీది టెస్ట్ బటన్ నొక్కితే ఫ్లాష్ ప్రతిసారీ వెలుగుతుంది, కెమెరా షట్టర్ నొక్కితే మాత్రం ఒక్కసారి కూడా వెలగదు. ఛానల్ రెండింటిలోనూ ఒకటే పెట్టాను, బ్యాటరీలు కొత్తవి వేశాను. ఇదే ట్రిగ్గర్‌ను మా స్నేహితురాలి నికాన్ డి5600 మీద పెడితే ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. అయితే ఆ కెమెరాలో షట్టర్ స్పీడ్ 1/320 సెకను పెట్టినప్పుడు ఫోటో కింది భాగంలో నల్లటి పట్టీ వచ్చింది. మా కాలనీ కమ్యూనిటీ హాలులో నలుగురూ ఉన్నప్పుడు అదే కెమెరాతో తీస్తే కొన్ని ఫోటోలలో ఫ్లాష్ అసలు వెలగలేదు. ఈ మూడింటికీ కారణం ఒకటేనా, వేర్వేరా? నా కెమెరాలో ఏదైనా మరమ్మతు అవసరమా? నాన్నగారి ఫ్లాష్‌ను ఈ రిసీవర్‌కు తగిలించవచ్చా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (విజయవాడ నుంచి)

నమస్కారమండీ. మీరు రాసిన మూడు సమస్యలకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. వాటిని విడదీసి చూస్తే ఏదీ కష్టమైనది కాదు. మొదటిదాని గురించి కొంచెం విస్తరంగా రాస్తాను, ఎందుకంటే మీ కెమెరా వాడే చాలామంది ట్రిగ్గర్ కొన్న తరువాతే ఈ విషయం తెలుసుకుంటున్నారు.

ముందుగా మీ కెమెరా హాట్‌షూను, అంటే పైన ఫ్లాష్‌ను తగిలించే గాడిని, వెలుతురులో పెట్టి చూడండి. దాని పక్కనే మీ స్నేహితురాలి నికాన్‌ను కూడా పెట్టుకోండి. నికాన్ హాట్‌షూలో నట్టనడుమ గుండ్రంగా, పెద్దదిగా ఒక లోహపు కాంటాక్ట్ కనిపిస్తుంది, దాని వెనుక చిన్నవి కొన్ని ఉంటాయి. మీ కెమెరాలో చిన్నవి మాత్రమే ఉండి, నడుమ చోటు ఖాళీగా కనిపిస్తుంది. అది విరిగిపోయినది కాదు, ఊడిపోయినదీ కాదు. కానన్ సంస్థ 2019లో విడుదల చేసిన 200డి మార్క్ 2లోనూ, అంతకు ముందరి 3000డి లోనూ ఆ మధ్య కాంటాక్ట్ లేకుండానే హాట్‌షూను తయారు చేసింది. అందువల్ల మీ కెమెరాకు మరమ్మతు ఏదీ అవసరం లేదు.

ఆ కాంటాక్ట్ చేసే పని చాలా చిన్నది. సెన్సార్ ముందున్న షట్టర్‌లోని రెండు తెరలలో మొదటిది పూర్తిగా తెరుచుకున్న క్షణంలో కెమెరా ఆ మధ్య కాంటాక్ట్‌ను హాట్‌షూ పక్క అంచుతో కలుపుతుంది. రెండు తీగలను ఒకదానికొకటి తాకించడం కన్నా అందులో వేరే విశేషం లేదు. ఏ కంపెనీ కెమెరాకైనా ఈ ఏర్పాటు దాదాపు ఒకేలా ఉండడం వల్లనే తక్కువ ధర ట్రిగ్గర్లు కానన్, నికాన్ అనే తేడా లేకుండా పనిచేస్తూ వచ్చాయి. వెనుకనున్న చిన్న కాంటాక్టులు మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతిలో ఉంటాయి. వాటి ద్వారా కెమెరా, ఫ్లాష్ తమలో తాము సమాచారం పంపుకుంటాయి. మీ ట్రాన్స్‌మిటర్ కింది వైపు తిప్పి చూడండి, ఒకే ఒక్క పిన్ను ఉంటుందని నా నమ్మకం. ఆ పిన్ను మీ కెమెరాలో దేనినీ తాకడం లేదు. టెస్ట్ బటన్ కెమెరాతో నిమిత్తం లేకుండా నేరుగా రేడియో సంకేతాన్ని పంపుతుంది కాబట్టి ఫ్లాష్ వెలుగుతోంది. అంటే ట్రాన్స్‌మిటర్ నుంచి ఫ్లాష్ దాకా మీ ఏర్పాటు సవ్యంగా ఉన్నట్లు ఆ బటనే చెబుతోంది. తెగినదల్లా కెమెరాకూ ట్రాన్స్‌మిటర్‌కూ మధ్యనున్న లంకె ఒక్కటే.

దీనికి సరైన పరిష్కారం, కానన్ చిన్న కాంటాక్టుల ద్వారా వచ్చే సమాచారాన్ని అర్థం చేసుకోగల ట్రిగ్గర్‌ను వాడడం. ఉదాహరణకు గోడాక్స్ ఎక్స్2టి ట్రిగ్గర్‌లో కానన్ కోసం చేసిన రకం ఉంది, దాని పేరు చివర సి అనే అక్షరం ఉంటుంది. మధ్య కాంటాక్ట్ లేని కానన్ కెమెరాల కోసం ఆ సంస్థ ఫర్మ్‌వేర్‌ను (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) సవరించింది. కొనేటప్పుడు అది కొత్త ఫర్మ్‌వేర్‌తో ఉందో లేదో అడిగి, వీలైతే మీ కెమెరానే దుకాణానికి తీసుకువెళ్లి, షట్టర్ నొక్కి చూసి తీసుకోండి. టెస్ట్ బటన్ నొక్కి చూపిస్తే ఒప్పుకోవద్దు. ఇదే కారణంగా ఒకే పిన్ను ఉన్న మాన్యువల్ ఫ్లాష్‌ను మీ కెమెరా మీద నేరుగా పెట్టినా వెలగదు. హాట్‌షూ మీద పెట్టి ఫ్లాష్‌ను తీగతో కలుపుకునే సింక్ కేబుల్ అడాప్టర్లు కూడా మధ్య కాంటాక్ట్ మీదనే ఆధారపడతాయి కాబట్టి వాటికి డబ్బు ఖర్చు పెట్టకండి.

ట్రిగ్గర్ మారిస్తే ఇప్పుడున్న రిసీవర్లు దానితో పనిచేయవు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ అయినంత మాత్రాన ఒక సంస్థ ట్రాన్స్‌మిటర్ పంపే సంకేతాన్ని వేరే సంస్థ రిసీవర్ గుర్తుపట్టదు. కానన్ 2012లో 600ఈఎక్స్-ఆర్‌టి ఫ్లాష్‌తోనూ, నికాన్ 2016లో ఎస్‌బి-5000 ఫ్లాష్‌తోనూ సొంత రేడియో పద్ధతులను తీసుకువచ్చాయి, అవి కూడా ఒకదానితో ఒకటి కలవవు. కాబట్టి ఒక పద్ధతిని ఎంచుకుని అందులోనే ఉండడం మంచిది. గోడాక్స్ టిటి600 వంటి ఫ్లాష్‌లలో రిసీవర్ లోపలే ఉంటుంది. దానిని స్లేవ్ విధానంలో, అంటే ట్రిగ్గర్ సంకేతానికి వెలిగేలా, పెట్టి స్టాండుకు తగిలిస్తే చాలు, కింద వేరే పెట్టె, దానికి వేరే బ్యాటరీలు అక్కరలేదు. మీ దగ్గరున్న ఫ్లాష్‌లనే వాడదలిస్తే అదే సంస్థ ఎక్స్1ఆర్ అనే విడి రిసీవర్‌ను కూడా అమ్ముతుంది. కాని దాని ధరకు మరికొంత కలిపితే ఫ్లాషే వస్తుంది కనుక, ఒకటి కొనవలసి వస్తే నేనైతే ఫ్లాష్ వైపే మొగ్గుతాను.

అప్పటివరకు అభ్యాసం ఆగనక్కరలేదు. మీ కెమెరాలోని పాపప్ ఫ్లాష్‌ను పైకి లేపి, కొత్త ఫ్లాష్‌లో ఎస్1, ఎస్2 అనే ఆప్టికల్ స్లేవ్ విధానాలు, అంటే మరో ఫ్లాష్ కాంతిని చూసి వెలిగేవి, ఉన్నాయేమో చూడండి. కానన్ పాపప్ ఫ్లాష్ అసలు వెలుగుకు ముందు కొలత కోసం ఒకసారి చిన్నగా మెరుస్తుంది కాబట్టి, ఆ మొదటి మెరుపును వదిలేసే ఎస్2 మీకు సరిపోతుంది. ఇంటి గదిలో ఇది చక్కగా పనిచేస్తుంది. ఎండలో సరిగా పనిచేయదు, ఫంక్షన్ హాలులో అయితే స్టూడియో వారి ఫ్లాష్ వెలిగినప్పుడల్లా మీది కూడా వెలుగుతుంది. కాబట్టి వేడుక రోజుకు దీనిని నమ్ముకోవద్దు.

ఇక నల్లపట్టీ సంగతి. డి5600 సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో మామూలుగా వాడదగిన గరిష్ఠ షట్టర్ వేగం, 1/200 సెకను. మీ 200డి మార్క్ 2కు కూడా అంతే. ఆ వేగం వరకు షట్టర్ మొదటి తెర పూర్తిగా తెరుచుకున్నాకనే రెండో తెర కదలడం మొదలుపెడుతుంది, అందువల్ల మధ్యలో సెన్సార్ మొత్తం తెరిచి ఉండే క్షణం ఒకటి దొరుకుతుంది, ఫ్లాష్ ఆ క్షణంలోనే వెలగాలి. అంతకన్నా వేగం పెంచితే మొదటి తెర చివరికి చేరేలోపే రెండో తెర బయలుదేరుతుంది. ఫ్లాష్ వెలిగేసరికి సెన్సార్‌లో కొంత భాగం మూసుకుపోయి ఉంటుంది, ఆ భాగమే పట్టీగా కనిపిస్తుంది. కెమెరాను అడ్డంగా పట్టి తీస్తే అది సాధారణంగా కింది అంచున, నిలువుగా పట్టి తీస్తే పక్క అంచున వస్తుంది. సొంత కంపెనీ ఫ్లాష్‌ను పెట్టినప్పుడు కెమెరా తనంతట తానే 1/200 దగ్గర ఆపుతుంది. ఒకే పిన్ను ట్రిగ్గర్ పెట్టినప్పుడు పైన ఫ్లాష్ ఉందన్న సంగతే దానికి తెలియదు కాబట్టి 1/320 పెట్టినా ఒప్పుకుంటుంది. రేడియో సంకేతం ఫ్లాష్‌కు చేరడానికి కూడా కొద్దిపాటి ఆలస్యం ఉంటుంది. అందుకని 1/160 దగ్గర స్థిరపడండి. ఎండలో అపెర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) బాగా తెరిచి తీయవలసి వచ్చినప్పుడు, సింక్ స్పీడ్ దాటినా ఫ్లాష్‌ను వాడనిచ్చే హై స్పీడ్ సింక్ అవసరమవుతుంది గాని, అందులో ఫ్లాష్ శక్తి చాలావరకు తగ్గిపోతుంది. గదిలో పోర్ట్రెయిట్లకు దాని జోలికి వెళ్లనక్కరలేదు.

జవాబు (బెంగళూరు నుంచి)

విజయవాడ మిత్రులు చెప్పినదంతా సరైనదే. నేను రేడియో పరికరాల రంగంలో పనిచేస్తున్నాను, ఫోటోగ్రఫీ అభిరుచి. అందువల్ల మీ మూడో ప్రశ్న, అంటే హాలులో ఫ్లాష్ అప్పుడప్పుడు తప్పిపోవడం గురించి మాత్రమే రాస్తాను.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోనిస్తున్నారు. అందుకే వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మైకులలో చాలా రకాలు, ట్రిగ్గర్లు అన్నీ అక్కడే చేరాయి. వేడుక జరిగే హాలులో వైఫై రూటర్, పాటల వారి మైకులు, వచ్చిన ప్రతివారి జేబులోని ఫోను ఒకే బ్యాండ్‌ను పంచుకుంటాయి. వైఫై సాధారణంగా 1, 6, 11 ఛానళ్ల మీద నడుస్తుంది. వాటి మధ్య బిందువులు 2412, 2437, 2462 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పును ఆక్రమిస్తుంది. ట్రిగ్గర్ ఛానల్ అంకె, వైఫై ఛానల్ అంకె ఒకటి కావు, వాటిని పోల్చి లెక్క కట్టవద్దు. కొన్ని ట్రిగ్గర్లలో స్కాన్ అనే సదుపాయం ఉంటుంది, అది హాలులో ఖాళీగా ఉన్న ఛానళ్లను చూపిస్తుంది. ఈ స్కాన్‌ను జనం వచ్చాక చేయాలి, ఉదయం ఖాళీ హాలులో చేస్తే వచ్చే ఫలితానికి విలువ తక్కువ. స్కాన్ లేకపోతే బాగా దూరంగా ఉన్న మరో ఛానల్‌కు మార్చి, ట్రాన్స్‌మిటర్‌నూ ఫ్లాష్‌నూ రెండింటినీ మార్చారో లేదో సరిచూసుకోండి.

అయితే నా అభిప్రాయంలో ఛానల్ కన్నా ఫ్లాష్‌ను పెట్టిన చోటే ఎక్కువ ముఖ్యం. మనిషి శరీరంలో అధికభాగం నీరు. ఈ పౌనఃపున్యాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. ట్రాన్స్‌మిటర్‌కూ రిసీవర్‌కూ మధ్య నలుగురు మనుషులు గుంపుగా నిలబడితే సంకేతం చాలా బలహీనపడుతుంది. ఫ్లాష్ మీ వెనుక వైపున ఉంటే మీ తలే అడ్డు కావచ్చు. కాబట్టి రిసీవర్ మనుషుల తలల కన్నా పైన ఉండేలా స్టాండును ఎత్తండి. ఇనుప స్తంభాల వెనుక, ఎల్‌ఈడీ తెరల వెనుక, ఇనుప బీరువాల పక్కన పెట్టకండి. ఈ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లే కాబట్టి, లోహపు వస్తువుల నుంచి తిరిగివచ్చే సంకేతం అసలు సంకేతంతో కలిసి కొన్ని చోట్ల దానిని బలహీనపరుస్తుంది. అలాంటి చోట స్టాండును ఒక అడుగు పక్కకు జరిపినా తేడా కనిపిస్తుంది.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. ఫ్లాష్ కాంతిని మృదువుగా చేసే సాఫ్ట్‌బాక్స్ లోపలి వైపు వెండి రంగు పూత ఉంటుంది. ఫ్లాష్ మొత్తం ఆ డబ్బా లోపల ఇమిడిపోయే రకం సాఫ్ట్‌బాక్సులలో రిసీవర్ కూడా ఆ పూత మధ్య చిక్కుకుని సంకేతం తగ్గవచ్చు. విడి రిసీవర్ ఉన్నవారు చిన్న సింక్ తీగతో రిసీవర్‌ను బయటికి వేలాడదీస్తే సరిపోతుంది. దాని బదులు అంబ్రెల్లా, అంటే కాంతిని పరిచే గొడుగు, వాడేవారికి ఈ చిక్కు లేదు.

దూరమే కాదు, మరీ దగ్గర కూడా ఇబ్బందే. ఫ్లాష్‌ను కెమెరాకు మీటరు లోపు పెట్టినప్పుడు కొన్ని ట్రిగ్గర్ల సంకేతం రిసీవర్‌కు మోతాదు మించి తప్పిపోతుంది. గోడాక్స్ ట్రిగ్గర్లలో 0 నుంచి 30 మీటర్లు, 1 నుంచి 100 మీటర్లు అని రెండు అమరికలు ఉండడానికి కారణం అదే. మీ గదికి మొదటిది చాలు. అదే హాలులో మరో ఫోటోగ్రాఫర్ అదే సంస్థ ట్రిగ్గర్ వాడుతూ ఉంటే వారి నొక్కుడుకు మీ ఫ్లాష్, మీ నొక్కుడుకు వారిది వెలిగే అవకాశం ఉంది. వైర్‌లెస్ ఐడీ అనే మరో అంకె ఉన్న పరికరాలలో 01 నుంచి 99 వరకు ఏదైనా ఎంచుకుని ట్రిగ్గర్‌లోనూ, ప్రతి ఫ్లాష్‌లోనూ అదే పెడితే ఈ గొడవ తీరిపోతుంది. ఈ అంకె ఒక్కటి తేడా ఉన్నా ఛానల్, గ్రూపు (ట్రిగ్గర్ నుంచి ఫ్లాష్‌లను విడివిడిగా నియంత్రించే విభాగం) సరిపోయినా ఫ్లాష్ వెలగదు.

చివరగా బ్యాటరీలు. ట్రాన్స్‌మిటర్ దీపం వెలుగుతున్నంత మాత్రాన దానిలో బలం ఉన్నట్లు కాదు. గోడ గడియారాలకు వాడే చవక పెన్సిల్ సెల్స్ దీపాన్ని వెలిగించగలవు గాని, సంకేతం పంపే క్షణంలో వాటి ఓల్టేజీ పడిపోతుంది. ఫ్లాష్‌లకూ ట్రిగ్గర్‌కూ మంచి రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ వాడండి. వాటి మీద 1.2 ఓల్టులని రాసి ఉంటుంది, మామూలు సెల్ మీద 1.5 ఉంటుంది. ఆ తేడా చూసి వెనకాడవద్దు, ఎక్కువ కరెంటు ఒక్కసారిగా ఇవ్వడంలో రీచార్జబుల్ సెల్సే మెరుగు. ఒక ఫ్లాష్‌లో వేసే నాలుగు సెల్స్ ఒకే రకానివి, ఒకేసారి చార్జి చేసినవి అయి ఉండాలి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

అమ్మా, మీ నాన్నగారి వివిటార్ 283 గురించి రాస్తున్నాను. ఆ ఫ్లాష్‌తో ఎన్నో ఏళ్లు పనిచేసినవాడిని, అది ఇంకా మీ ఇంట్లో ఉందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. దాని శక్తి ఇప్పటి ఫ్లాష్‌లకు ఏమాత్రం తీసిపోదు. అయితే దానిని రిసీవర్‌కు తగిలించే ముందు ఒక కొలత తప్పనిసరిగా తీయాలి.

పాత ఫ్లాష్‌ల పాదం మీద, అంటే హాట్‌షూలో కూర్చునే భాగం మీద, ట్రిగ్గర్ ఓల్టేజీ అని ఒకటి ఉంటుంది. ఇప్పటి ఫ్లాష్‌లలో అది కొద్ది ఓల్టులే. జపానులో తయారైన తొలినాటి 283లలో అది 200 ఓల్టులకు మించి ఉండేది. తరువాతి కాలంలో కొరియాలోనూ చైనాలోనూ తయారైనవాటిలో బాగా తగ్గించారు. మీ ఫ్లాష్ ఎక్కడ తయారైందో దాని ఒంటి మీద రాసి ఉంటుంది, అయినా రాతను నమ్మి ఊరుకోకుండా మల్టీమీటరుతో చూడడమే నయం. ఫ్లాష్‌లో బ్యాటరీలు వేసి, రెడీ దీపం వెలిగేదాకా ఆగి, మీటరును డీసీ ఓల్టులలో 500 లేక 1000 పరిధికి తిప్పి, ఎర్ర తీగను పాదం మధ్యనున్న పిన్నుకు, నల్ల తీగను పాదం పక్కనున్న లోహపు అంచుకు ఆనించండి. వేళ్లు లోహానికి తగలనివ్వకండి. తీగలు ఒకదానికొకటి తగిలితే ఫ్లాష్ వెలుగుతుంది, ముఖానికి దూరంగా పెట్టుకోండి.

పది ఓల్టుల లోపు వస్తే ఏ రిసీవర్‌కైనా దాదాపు భయం లేదు. వందల్లో వస్తే మీ రిసీవర్ ఎంత వరకు తట్టుకుంటుందో దాని కాగితంలో చూసిన తరువాతే తగిలించండి, కాగితంలో లేకపోతే తగిలించవద్దు. రేడియో ద్వారా వాడినప్పుడు ఆ ఓల్టేజీ కెమెరా దాకా రాదు, రిసీవర్ దగ్గరే ఆగుతుంది. కాబట్టి కెమెరాకు ముప్పు లేదుగాని రిసీవర్ పాడవుతుంది. ఎక్కువ ఓల్టేజీ ఉన్న ఫ్లాష్‌కు కాంతిని చూసి వెలిగే చిన్న ఆప్టికల్ స్లేవ్‌ను తగిలించుకోవడం ఒక మార్గం. అలాంటి స్లేవ్‌లలో పాత ఫ్లాష్‌ల కోసమే చేసినవి ఉన్నాయి. మీ మొదటి ఫ్లాష్ రేడియోతో వెలిగితే, దాని కాంతిని చూసి ఇది వెలుగుతుంది.

ఏళ్ల తరబడి పెట్టెలో ఉండిపోయిన ఫ్లాష్ కెపాసిటర్‌ను (విద్యుత్తును నిల్వ చేసే భాగం) ఒక్కసారిగా పనిలో పెట్టకూడదు. బ్యాటరీలు వేసి, రెడీ దీపం వచ్చాక కాసేపు అలాగే ఉంచి, ఒకసారి వెలిగించి, మళ్లీ నిండనివ్వండి. మధ్యమధ్య విరామం ఇస్తూ కొన్నిసార్లు ఇలా చేస్తే రెడీ దీపం రావడానికి పట్టే సమయం తగ్గుతూ వస్తుంది. ఎంతకూ తగ్గకపోయినా, కాలిన వాసన వచ్చినా, మరేదైనా వింత శబ్దం వచ్చినా ఆపివేయండి. దానిని మీరు విప్పవద్దమ్మా. బ్యాటరీలు తీసేసిన తరువాత కూడా కెపాసిటర్‌లో ప్రాణాపాయం కలిగించేటంత శక్తి నిలిచి ఉంటుంది.

283లో శక్తిని ఇప్పటి ఫ్లాష్‌లలాగా మెట్లు మెట్లుగా తగ్గించే బటన్లు లేవు. ముందున్న, వెలుగును కొలిచే సెన్సార్ డయల్‌ను తీసి, వీపీ-1 అనే చిన్న భాగాన్ని అమర్చితే పూర్తి శక్తి నుంచి 1/32 వరకు తగ్గించుకోవచ్చు. నాన్నగారి సంచిలో అది ఉందేమో వెతకండి. లేకపోయినా నష్టం లేదు. ఆ డయల్‌ను దాని మీది ఆటో రంగుల గుర్తుల్లో ఒకదానికి తిప్పి, సెన్సార్ కన్ను మనిషి వైపు చూసేలా పెట్టి, తల భాగాన్ని మాత్రం పైకప్పు వైపు తిప్పితే ఫ్లాష్ తనకు కనిపించే వెలుగును బట్టి తానే ఆగుతుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (హనుమకొండ నుంచి)

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కెమెరాను చూశాను, మీరు చెప్పినట్లే మధ్య కాంటాక్ట్ లేదు. ట్రాన్స్‌మిటర్ కింద ఒకే పిన్ను ఉంది. ఇప్పటిదాకా కెమెరాలోనే లోపం ఉందనుకుని మరమ్మతుకు ఇవ్వబోయాను, ఆ ఖర్చు తప్పింది. నాన్నగారి ఫ్లాష్ మీద జపాన్ అని ఉంది, మీటరు తెచ్చుకున్నాక కొలిచి చూస్తాను, అంతవరకు దానిని రిసీవర్‌కు తగిలించను.

ఇంకా రెండు సందేహాలున్నాయి. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు అక్కడ వాడిన పాకెట్ విజార్డ్ అనే రేడియో ట్రిగ్గర్ సెట్టు ఒకటి తక్కువకు దొరుకుతోందని, పంపిస్తానని అంటున్నాడు. దానిని తెప్పించుకోవచ్చా? రెండోది, కొత్త ట్రిగ్గర్ వచ్చాక రెండు లైట్లను ఏ వరుసలో అమర్చుకోవాలి? పెద్దవాళ్లు ఎక్కువసేపు కూర్చోలేరు, వాళ్లను కూర్చోబెట్టి నేను అంకెలు మారుస్తూ ఉండకూడదన్నది నా ఆలోచన.

జవాబు (బెంగళూరు నుంచి)

తమ్ముడిని ఆపండి. పాకెట్ విజార్డ్ మంచి సాధనమే, ప్రపంచమంతటా వృత్తి ఫోటోగ్రాఫర్లు దానిని నమ్ముకున్నారు. కాని అమెరికా కోసం చేసిన సెట్లు 340 నుంచి 354 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, ఐరోపా కోసం చేసినవి 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఈ రెండు రకాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అమెరికా నియమాలకు తగ్గట్టు చేసిన ట్రాన్స్‌మిటర్‌ను ఆ బ్యాండ్‌లో ఇక్కడ వాడడం సరైన పని కాదు. పైగా వాడిన సెట్టు మధ్య కాంటాక్ట్ మీద ఆధారపడే రకమైతే మీ కెమెరా మీద మళ్లీ ఇదే సమస్య వస్తుంది.

జవాబు (విజయవాడ నుంచి)

మీ ఆలోచన చాలా మంచిది. పెద్దవాళ్లు కూర్చునేసరికి అంకెలన్నీ కుదిరి ఉండాలి. అందుకోసం వారి ఎత్తులో ఉన్న మరొకరిని, పిల్లలైనా సరే, ముందుగా అదే కుర్చీలో కూర్చోబెట్టుకోండి.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టి ఐఎస్ఓ (సెన్సార్ కాంతికి స్పందించే తీవ్రత) 200, షట్టర్ 1/160, అపెర్చర్ 5.6 దగ్గర మొదలుపెట్టండి. లైవ్ వ్యూ (వెనుక తెర మీద చూడడం) కాకుండా వ్యూఫైండర్‌లో చూసి తీయండి. ట్రిగ్గర్‌ను ఆపివేసి ఒక ఫోటో తీస్తే అది దాదాపు నల్లగా రావాలి. గది దీపాల పసుపు వెలుగు అందులో కనిపిస్తూ ఉంటే ఐఎస్ఓ తగ్గించండి, లేదా ఆ దీపాలు కొన్ని ఆర్పించండి. ఈ నల్ల ఫోటో వచ్చాకనే ఫ్లాష్ దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే అప్పుడు ముఖం మీద పడే ప్రతి వెలుగూ మీరు పెట్టినదే అవుతుంది.

ప్రధానమైన ఫ్లాష్‌ను గ్రూపు ఏలో, రెండోదానిని గ్రూపు బీలో పెట్టండి. బీని ట్రిగ్గర్‌లో ఆపివేసి, ఏ ఒక్కదానితోనే మొదలుపెట్టాలి. తెల్ల అంబ్రెల్లాను కూర్చున్నవారికి ఒక పక్కగా, కంటి ఎత్తు కన్నా పైన, సుమారు నాలుగు అడుగుల దూరంలో ఉంచి, శక్తిని పూర్తి శక్తిలో 1/16 పెట్టి తీసి చూడండి. ముఖం చీకటిగా ఉంటే 1/8, వెలిసిపోతే 1/32. ఒక్కో మెట్టుకు వెలుగు రెట్టింపు అవుతుంది లేదా సగమవుతుంది. స్టాండును మాత్రం మాటిమాటికీ జరపవద్దు. నాలుగు అడుగుల నుంచి ఎనిమిది అడుగులకు జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రధాన లైటు కుదిరాక బీని ఆన్ చేసి, రెండో వైపు గోడకు లేదా పైకప్పుకు కొట్టించి, ఏ కన్నా రెండు మెట్లు తక్కువగా ఉంచండి. నీడలు పూర్తిగా పోకూడదు, కాస్త తేలికపడాలి. టీటీఎల్ (కెమెరా కొలిచి ఫ్లాష్ శక్తిని తానే నిర్ణయించడం) సదుపాయం ఉన్నా మాన్యువల్‌లోనే ఉండండి. తెల్ల పంచె కట్టుకున్న తాతగారి తరువాత ముదురు రంగు పట్టుచీరలో అమ్మమ్మగారు కూర్చుంటే టీటీఎల్ ఇద్దరికీ వేర్వేరు వెలుగు ఇస్తుంది, కుటుంబమంతా ఒకే తీరుగా రాదు.

మన వేడుకల్లో జరీ, నగలు ఎక్కువ. బంగారం మీద చిన్న లైటు పడితే అక్కడక్కడా తెల్లటి చుక్కలుగా తేలిపోతుంది, పెద్ద అంబ్రెల్లా దగ్గరగా ఉంటే అదే బంగారం రంగుతో కనిపిస్తుంది. తీసిన ఫోటోను కెమెరాలో హైలైట్ అలర్ట్ (వెలుగు మించిపోయిన చోట్లను నల్లగా మెరిపించి చూపే సదుపాయం)తో చూసి, పంచె మీదా నగల మీదా మెరుస్తున్న నలుపు ఎంత ఉందో గమనించి శక్తిని ఒక మెట్టు తగ్గించండి. కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దవారి విషయంలో అంబ్రెల్లా ప్రతిబింబం అద్దాల్లో కనిపిస్తే, వారిని అద్దాలు తీయమని అడగవద్దు, అవి లేకుండా వారి ముఖం వారికే కొత్తగా ఉంటుంది. స్టాండును మరికొంత ఎత్తి పక్కకు జరిపి, అద్దాల కాళ్లను చెవుల మీద కొద్దిగా పైకి లేపితే అద్దం కిందికి వంగి ప్రతిబింబం తప్పుకుంటుంది.

ఇవన్నీ కుదిరాక ఆ అంకెలను ఒక కాగితం మీద రాసుకోండి, స్టాండు కాళ్లున్న చోట నేల మీద టేపు ముక్కలు అంటించండి. ఫ్లాష్‌లు వాటంతట అవి నిద్రలోకి వెళ్లే సమయాన్ని మెనూలో ఎక్కువకు మార్చుకోండి. ఒకరు లేచి ఇంకొకరు వచ్చి కూర్చునే మధ్యలో టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి రెండు ఫ్లాష్‌లూ వెలుగుతున్నాయో లేదో చూడండి. ఇక్కడ ఆ బటన్ బాగా పనికివస్తుంది. గదిలో పిల్లలు తిరుగుతుంటారు కాబట్టి స్టాండు కాళ్ల మీద ఇసుక సంచి గాని, నీళ్లు నింపిన సీసాల సంచి గాని వేలాడదీయడం మరచిపోవద్దు.